పాతికేళ్లు దాటిన స్పోర్ట్ టూరర్: చూసి కొనడం, తోలి ఆనందించడం

పాత స్పోర్ట్ టూరింగ్ బైక్ మీద మనసు పడ్డవాళ్లు అమ్మేవాళ్లను ముందుగా అడిగేది "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికంటే ముందు ఇంకోటి అడగాలి: "పోయిన నెల ఎంత తిరిగింది?"

నా దగ్గర రెండు పాత బళ్లు ఉండేవి. ఒకటి నేను కొనేనాటికే 90,000 కిలోమీటర్లు దాటింది. ఏటా తిరుగుతూ, ఏటా ఆయిల్ మార్పించుకుంటూ వచ్చిన బండి. పెట్రోలు పోసి బయల్దేరితే చాలు, మళ్లీ ఇంటికొచ్చేదాకా దాని గురించి ఆలోచించే పని ఉండేది కాదు. రెండోది 14,000 దగ్గర ఆగిపోయి పన్నెండేళ్లు దుప్పటి కింద పడుకుంది. పెయింటు అద్దంలా ఉంది, సీటు మీద గీత లేదు. దాన్ని చూసి మురిసిపోయి కొన్నాను. తర్వాత ఏడాదిపాటు దాని పక్కన నేలమీద స్పానర్లు పరుచుకుని కూర్చున్నాను. కార్బొరేటర్లు మూసుకుపోయాయి, బ్రేకులు పట్టేశాయి, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే సస్పెన్షన్ కాళ్లు) సీళ్లు కారాయి, ఛార్జింగ్ పోయింది. ఆడుతున్న బండికీ ఆగిపోయిన బండికీ మధ్య తేడాను కొనకముందే పసిగట్టడం ఎలాగో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కొన్నాక ఎలా తోలాలో కూడా చెప్తాను.

1. ముందు మీకు సరిపోయే బండేదో తేల్చుకోండి

స్పోర్ట్ టూరర్ అంటే మలుపుల్లో చురుగ్గా వంగాలి, రోజంతా తోలినా నడుం పడిపోకూడదు, ఇద్దరు మనుషుల్నీ రెండు పెట్టెల్నీ మోయాలి. ఈ మూడూ ఒకే బండిలో కుదర్చడం అంత తేలిక కాదు. 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ ఆ పని చేసి చూపించింది. 980 సీసీ బాక్సర్ ఇంజన్, 70 హార్స్ పవర్, విండ్ టన్నెల్‌లో పరీక్షించి మలిచిన పూర్తి ఫెయిరింగ్ (గాలిని తప్పించే ముందు కవచం). ఈ రోజుల్లో 70 హార్స్ పవర్ అంటే పెద్ద లెక్కలోకి రాకపోవచ్చు. కానీ ఆ ఫెయిరింగ్ వెనక కూర్చుని హైవే మీద రెండు గంటలు తోలితే, ఛాతీ మీద గాలి దెబ్బ లేకపోవడం ఎంత సుఖమో తెలుస్తుంది. సిలిండర్లు రెండూ రెండు పక్కలకు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) ఇంటిదగ్గరే, ట్యాంకు కూడా విప్పకుండా, సెట్ చేసుకోవచ్చు. తన చేత్తో తానే పని చేసుకోవాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

1983లో వచ్చిన కే100ఆర్ఎస్ ఇంకో దారి పట్టింది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌ను పక్కకు పడుకోబెట్టారు, ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. కార్బొరేటర్ల గొడవ లేదు. ట్యాంకు అల్యూమినియం, తుప్పు భయం లేదు. సైడ్ స్టాండ్ మీద ఉంచితే కాస్త ఆయిల్ సిలిండర్లలోకి జారి, స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ వదులుతుంది. అది చూసి కంగారుపడకండి, ఆ ఇంజన్ తత్వమే అంత. అడగాల్సింది వేరే ఉంది: క్లచ్, డ్రైవ్ షాఫ్ట్ (చైన్ బదులు వెనక చక్రాన్ని తిప్పే కడ్డీ) స్ప్లైన్‌లకు, అంటే అవి పట్టుకునే పళ్లకు, గ్రీజు చివరిసారి ఎప్పుడు పెట్టారు? ఆ పళ్లు ఎండిపోయి అరిగితే, చేతికొచ్చే బిల్లు బండి ధరతో పోటీ పడుతుంది.

యమహా ఎఫ్‌జే1100 (1984), దాని తర్వాతి ఎఫ్‌జే1200 (1986) గాలితో చల్లబడే పెద్ద నాలుగు సిలిండర్ల బళ్లు. రేడియేటర్ లేదు, కూలంట్ లేదు. కింది ఆర్‌పీఎమ్ నుంచే దున్నపోతులా లాగుతాయి. మొదట్లో వచ్చినవాటికి రెండు చక్రాలూ 16 అంగుళాలవే. ఆ సైజులో ఇప్పుడు మంచి టైర్లు దొరుకుతాయో లేదో కొనకముందే చూసుకోండి.

హోండా వీఎఫ్ఆర్750ఎఫ్ 1986లో వచ్చింది. వీ4 ఇంజన్, క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పేది చైన్ బదులు గేర్లు. ఆ గేర్ల సన్నటి కూత ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు. 1990 మోడల్ నుంచి ఒంటిచేతి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఒక పక్క నుంచే పట్టే చేయి) వచ్చింది. అప్పటి స్పోర్ట్ టూరర్లలో నాకు బాగా నచ్చిన బండి ఇదే. కాకపోతే దీని రెక్టిఫైర్ (బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపులో ఉంచే భాగం) బలహీనమని తెలిసి కొనాలి. అదే కంపెనీ 1990లో తెచ్చిన ఎస్‌టీ1100 పాన్ యూరోపియన్ దూరాలకే పుట్టింది. 28 లీటర్ల ట్యాంకు, షాఫ్ట్ డ్రైవ్. నిండు ట్యాంకుతో 300 కిలోలు దాటుతుంది. నడుస్తున్నప్పుడు ఆ బరువు తెలియదు గానీ, వాలుగా ఉన్న చోట వెనక్కి నెట్టాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. 1986 నుంచి ఇరవై ఏళ్లపాటు పెద్ద మార్పుల్లేకుండా నడిచిన కవాసాకీ జీటీఆర్1000 కూడా ఆ కోవలోదే. అందులో ఫ్లోట్ వాల్వ్ (కార్బొరేటర్ నిండగానే పెట్రోలును ఆపేది) సరిగా మూసుకోకపోతే పెట్రోలు సిలిండర్‌లోకి కారి నిలవుంటుంది. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే ఇంజన్ లాక్ అయి భాగాలు విరుగుతాయి. డుకాటీ ఎస్‌టీ2 (1997) కొనేవాళ్లు క్యామ్ బెల్టులు (ఇంజన్ వాల్వులను నడిపే బెల్టులు) మార్చిన తేదీ కాగితం మీద చూసేదాకా కదలొద్దు. తిరిగినా తిరగకపోయినా ఆ బెల్టులకు వయసు లెక్క ఉంది.

చైన్ బండా, షాఫ్ట్ బండా అన్నది మీ అలవాటును బట్టి ఉంటుంది. షాఫ్ట్ ఉంటే రోడ్డు మీద చైన్‌కు ఆయిల్ పెట్టే పని తప్పుతుంది. చైన్ బండి తేలిగ్గా ఉంటుంది, అరిగితే మార్చడం సులువు.

2. విడిభాగాల సంగతి ఇంట్లో కూర్చునే తేల్చుకోండి

బండి నచ్చాక వెతకడం మొదలుపెడితే మనసు మాట వినదు. అందుకే ముందే ఒక చీటీ రాసుకోండి: బ్రేక్ ప్యాడ్లు, ఫోర్క్ సీళ్లు, కార్బొరేటర్ రబ్బర్లు, రెక్టిఫైర్, క్లచ్ ప్లేట్లు, గాస్కెట్లు. ఇవి దొరుకుతున్నాయా? ఇంజన్ భాగాలు తేలిగ్గా అరగవు, అరిగినా ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. దొరకనివి ఫెయిరింగ్ ప్లాస్టిక్కులు, సైడ్ ప్యానళ్లు, పెట్టెల తాళాలు, ఒరిజినల్ సైలెన్సర్లు. అందుకే, ఇంజన్ కాస్త ఆయిల్ చెమర్చినా ఒంటిమీద అన్నీ ఉన్న బండికే నా ఓటు.

ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ కూడా ఇప్పుడే సంపాదించండి. బండికంటే ముందు పుస్తకం ఇంటికి రావాలి.

3. ఫోన్లో అడగాల్సినవి

ఎన్నేళ్లుగా మీ దగ్గరుంది? చివరిసారి లాంగ్ రైడ్ ఎప్పుడు వెళ్లారు, ఎక్కడికి? బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారు? టాపెట్లు చూసి ఎన్ని వేలు అయింది? ఇవి అడిగి మీరు నోరు మూసుకోండి. బండిని ప్రేమించేవాడు ఆ ప్రశ్నలకు ఆగకుండా మాట్లాడతాడు, మీరు అడగని లోపాలు కూడా చెప్పేస్తాడు. "అంతా కండిషన్‌లో ఉంది సార్, వచ్చి చూడండి" అని ఒక్క మాటతో తేల్చేస్తే అనుమానించండి.

ఫోన్ పెట్టేముందు ఒకటి తప్పకుండా చెప్పండి: "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు." చల్లటి ఇంజన్ దాచలేని నిజాలు వేడి ఇంజన్ దాచేస్తుంది.

4. బండి ముందు నిలబడ్డాక

టార్చిలైటు, మల్టీమీటర్, చిన్న అద్దం, తెల్ల గుడ్డపేలిక, పాత బట్టలు. ఇవి తీసుకుని పగటిపూటే వెళ్లండి. వానలో తడిసిన బండి ఏ రంగుదైనా కొత్తగానే కనిపిస్తుంది, ఆ రోజు వెళ్లొద్దు.

ముందు ఇంజన్ కేసింగ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు చెప్పిన మాట వినలేదన్నమాట. టీ తాగి, కబుర్లు చెప్పుకుని, చల్లారేదాకా కూర్చోండి. ఈలోపు కాగితాలు అడగండి. ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ రెండూ మీ కళ్లతో బండి మీద చదివి, కాగితంలోని ప్రతి అంకెతో పోల్చండి. నంబర్ చుట్టూ గీకిన గుర్తులున్నా, అంకెలు వంకరగా ఉన్నా అక్కడే ఆపేయండి.

నేను ఇప్పుడు తోలుతున్న బండిని చూడటానికి వెళ్లినప్పుడు, అమ్మే పెద్దాయన బండికంటే ముందు ఒక రూళ్ల నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టారు. తెరిచిన పేజీలో నీలి సిరాతో ఇలా ఉంది: "41,210. ఎడమ ఫోర్క్ సీల్ చెమర్చింది. రెండూ మార్చాను. ఆయిల్ నల్లగా ఉంది, ఆలస్యం చేశాను." ఆ చివరి రెండు మాటలు చదివాక నాకు టెన్షన్ పోయింది. తన ఆలస్యాన్ని తనే రాసుకున్న మనిషి బండిని నిర్లక్ష్యం చేయడు. పక్కనే ఒక బిస్కెట్ డబ్బాలో తీసేసిన పాత ప్లగ్గులు, చిన్న కవర్లలో సైజు రాసి పెట్టిన షిమ్‌లు (టాపెట్ సందు సరిచేసే చిన్న బిళ్లలు). ఒరిజినల్ టూల్ కిట్ సీటు కింద దాని సంచిలోనే ఉంది. ఇలాంటి ఆనవాళ్లు కనిపిస్తే ధర దగ్గర మరీ పట్టుపట్టకండి.

ఇక బండి. టార్చి వేసి ట్యాంకులోకి చూడండి. లోపల మెరిసే లోహం కనిపించాలి. ఎర్రటి పొడి కనిపించినా, పెట్రోలు వాసన పాత వార్నిష్‌లా పుల్లగా వచ్చినా ఆ బండి చాలాకాలంగా ఆగిపోయి ఉందని అర్థం. ఆ తుప్పు అక్కడితో ఆగదు, ఇంధన పైపుల్లోకి, కార్బొరేటర్లలోకి దిగి ఉంటుంది. కార్బొరేటర్లో పైలట్ జెట్ (ఐడిల్‌లో పెట్రోలు అందించేది) రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే అన్నిటికంటే ముందు అదే మూసుకుపోతుంది. చోక్ తీయగానే ఇంజన్ ఆగిపోతోందంటే ఎక్కువసార్లు కారణం ఇదే.

టైరు పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు వెతకండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని. మూడే అంకెలుంటే ఆ టైరు 2000కి ముందుది, దానిమీద టెస్ట్ రైడ్ కూడా వద్దు. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేడేళ్లు దాటిన టైరు రబ్బరు గట్టిపడి ఉంటుంది. దాన్ని కొత్త టైరు ఖర్చు కిందే లెక్కేసుకోండి.

ఇప్పుడు సెంటర్ స్టాండ్ వేయించి, వెనక సీటు మీద ఎవరినైనా కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ను ఒక్క వేలితో ఒక చివర నుంచి ఇంకో చివరకు నెమ్మదిగా తిప్పండి. వెన్నలో కత్తి దిగినట్టు పోవాలి. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడి ఆగినట్టు అనిపిస్తే కోన్‌సెట్ బేరింగులు (హ్యాండిల్ తిరిగే చోటివి) పోయాయి. ఏళ్ల తరబడి నేరుగా వెళ్తూ అవి ఒకేచోట దెబ్బలు తిని గుంటలు పడతాయి. ఆ గుంట ఉన్న బండి నేరుగా పోతుందనే అనిపిస్తుంది. మలుపులో మాత్రం హ్యాండిల్ మీ మాట వినదు. తర్వాత ఫోర్క్ కాళ్లు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి, టక్‌మన్న ఆట ఉండకూడదు.

అదే స్థితిలో ముందు బ్రేక్ గట్టిగా పట్టి వదిలేసి చక్రం తిప్పండి. తేలిగ్గా తిరగాలి. బిగుసుకుని ఉండి కాసేపటికి వదులైతే కాలిపర్ పిస్టన్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కేది) పట్టేస్తోందని, లేదా రబ్బరు హోస్ లోపల ఉబ్బిపోయిందని. పాత హోస్ లోపల ఉబ్బితే మీరు నొక్కిన ఒత్తిడికి ఫ్లూయిడ్ ముందుకు పోతుంది గానీ తనంత తాను వెనక్కి రాలేదు. డిస్క్ మీద కనీస మందం చెక్కి ఉంటుంది, ఎంత మిగిలిందో చూడండి.

ఫోర్క్ గొట్టాల మీద గుడ్డతో తుడవండి. నూనె గీత కనిపిస్తే సీళ్లు మార్చాలి, అది చిన్నపనే. క్రోమ్ మీద గోరు తగిలేంత గుంటలుంటే మాత్రం కొత్త సీళ్లను కూడా అవి కోసేస్తాయి. వెనక చక్రాన్ని పక్కలకు ఊపితే స్వింగ్ ఆర్మ్ బేరింగుల ఆట, పైనా కిందా పట్టుకుని ఊపితే చక్రం బేరింగుల ఆట, షాఫ్ట్ బళ్లలో ఫైనల్ డ్రైవ్ (షాఫ్ట్ చివర చక్రం దగ్గరి గేర్లు) ఆట కూడా తెలుస్తాయి.

ఫెయిరింగ్ స్క్రూలు ఉన్నచోటల్లా వేలితో తడమండి. పడిపోయిన బండికి పైకి పెయింటు వేయించినా, లోపలివైపు విరిగిన చెవులు అతికించినట్టే ఉంటాయి. ఫుట్‌రెస్ట్ చివరలు, హ్యాండిల్ బరువుల చివరలు, పెట్టెల మూలలు కూడా చూడండి.

5. చల్లటి స్టార్ట్, కరెంటు

ఇంజన్ స్టార్ట్ చేయకముందే బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులకు అటూఇటూ ఉండాలి. ఇప్పుడు చోక్ లాగి సెల్ఫ్ కొట్టించండి. మొదటి పది క్షణాలు చెవి మాత్రమే పనిచేయాలి. ఆయిల్ పైకి చేరేదాకా పైనుంచి కాస్త టకటక వచ్చి ఆగిపోతే మామూలే. లోపల లోతు నుంచి ఇంజన్ వేగంతో పాటు పెరిగే బరువైన ఠక్‌ఠక్ వస్తే మర్యాదగా దండం పెట్టి వచ్చేయండి. సైలెన్సర్ పొగ నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోందని. వేడెక్కాక కూడా తెల్లపొగ తియ్యటి వాసనతో వస్తే కూలంట్ కాలుతోందని.

హెడ్‌లైట్ వేసి, 4,000 నుంచి 5,000 ఆర్‌పీఎమ్ వరకు రేస్ ఇచ్చి పట్టుకుని మళ్లీ వోల్టులు చూడండి. 13.8, 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగుంది. 13 దగ్గరే ఆగితే రెక్టిఫైర్ గానీ స్టేటర్ (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే చుట్ట) గానీ పోతున్నాయి. 15 దాటితే రెక్టిఫైర్ పోయింది, అది బ్యాటరీని ఉడికించేస్తుంది. ఎనభైల జపాన్ బళ్లలో చాలావాటికి స్టేటర్ నుంచి మూడు పసుపు వైర్లు ఒక కనెక్టర్‌లోకి వస్తాయి. వీలైతే ఆ కనెక్టర్ చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంటే అక్కడ కనెక్షన్ సరిగా అంటుకోక చాలాకాలంగా వేడెక్కుతోందని లెక్క.

నీళ్లతో చల్లబడే బండి అయితే ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్ ఆన్‌లోనే ఉంచండి. ఫ్యాన్ తిరిగిందో లేదో చూడకుండా ఎవరూ కొనకూడదు.

6. టెస్ట్ రైడ్

ఇరవై నిమిషాలు తక్కువ కాకుండా. మూడో గేర్‌లో 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. ఆర్‌పీఎమ్ సూది ఎగిరి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోంది. రెండో గేర్‌లో గట్టిగా లాగి చూడండి, గేర్ తనంతట తాను ఎగిరిపోతే గేర్‌బాక్స్ విప్పాల్సిందే. తొలినాటి ఎఫ్‌జేల్లో ఇది చాలామందికి ఎదురైన సమస్య. బ్రేక్ పట్టినప్పుడు లీవర్ కొట్టుకుంటే డిస్క్ వంగింది. గతుకు దాటాక వెనక భాగం బంతిలా రెండు మూడుసార్లు ఎగిరితే షాక్ అబ్జార్బర్ అయిపోయింది. దాదాపు పాత బళ్లన్నిటిలో అది అయిపోయే ఉంటుంది కాబట్టి అంతకే బండి వద్దనకండి, ధరలో తగ్గించుకోండి.

తిరిగొచ్చాక ఇంజన్ ఆపి, రెండు నిమిషాలాగి, మళ్లీ స్టార్ట్ చేయండి. వేడి మీద స్టార్ట్ కాకపోవడం కూడా జబ్బే.

7. బేరం

కంటికి కనిపించిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదానికి ఖర్చు వేసి, ఆ కాగితం అమ్మేవాళ్ల ముందే పెట్టండి. వాదన అక్కర్లేదు. వాళ్లు పెట్టిన ప్రేమను కించపరిచే మాట ఒక్కటి కూడా అనకండి. బండితో పాటు నోట్‌బుక్, మాన్యువల్, విడిభాగాల డబ్బా, రెండో తాళంచెవి అడగండి. బేరం కుదిరాక, తర్వాత ఎప్పుడైనా సందేహం వస్తే ఫోన్ చేయొచ్చా అని కూడా అడగండి. ఆ బండి గురించి వాళ్లకు తెలిసినంత ఏ మెకానిక్‌కూ తెలియదు.

8. మొదటి నెల

ఇంటికి రాగానే లాంగ్ రైడ్‌కు పోవద్దు. ముందు ఆపేవి సరిచేయండి, తర్వాతే నడిపేవి. టైర్లు, బ్రేక్ ఫ్లూయిడ్, బ్రేక్ హోస్‌లు, ప్యాడ్లు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ఘాట్ దిగుతుంటే లీవర్ మెత్తబడిపోయేది అందుకే. రెండేళ్లకోసారి మార్చడం అలవాటు చేసుకోండి. హైడ్రాలిక్ క్లచ్ ఉంటే దానిదీ అంతే.

ఆ తర్వాత ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, గేర్‌బాక్స్ ఆయిల్, ఫైనల్ డ్రైవ్ ఆయిల్, ఫోర్క్ ఆయిల్, కూలంట్. అమ్మినవాళ్లు "మొన్నే మార్చాను" అన్నా సరే మార్చండి. తీసిన ఆయిల్‌ను తెల్ల గిన్నెలో పట్టి ఎండలో చూడండి. మెరిసే సన్నటి పొడి కాస్త ఉంటే ఫరవాలేదు, వేలికి తగిలే లోహపు ముక్కలు ఉండకూడదు. క్లచ్ ఆయిల్‌లో తడుస్తూ తిరిగే బళ్లకు జాసో ఎంఏ గుర్తు ఉన్న ఆయిలే పోయాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. పాత బాక్సర్లకూ కే బళ్లకూ క్లచ్ పొడిగా ఉంటుంది, వాటికి ఈ బాధ లేదు.

ఒకేసారి పది పనులు చేయొద్దు. ఒకటి చేసి, యాభై కిలోమీటర్లు తోలి, తర్వాతది చేయండి. అప్పుడే ఏ పనివల్ల ఏం మారిందో తెలుస్తుంది. నాలుగు కార్బొరేటర్లను వాక్యూమ్ గేజ్‌లతో సమం చేసిన రోజున హ్యాండిల్‌లో వణుకు తగ్గిపోయి, ఇంజన్ ఒకే గొంతుతో పాడుతుంటే ఆ తేడా అరచేతులకే తెలిసింది నాకు. అన్నీ కలిపి చేసుంటే అది ఎందువల్ల వచ్చిందో తెలిసేది కాదు.

సస్పెన్షన్ సెట్టింగ్ చాలామంది వదిలేస్తారు. మీ గేర్ అంతా వేసుకుని కూర్చుంటే మొత్తం కదలికలో సుమారు మూడో వంతు దిగాలి. అంతకంటే ఎక్కువ దిగితే వెనక ప్రీలోడ్ (స్ప్రింగు ముందస్తు బిగింపు) పెంచండి. వెనక ఇంకో మనిషి ఎక్కినప్పుడు మళ్లీ పెంచండి.

9. ఇక తోలడం

ఈ బళ్లలో చాలావాటికి ఏబీఎస్ గానీ, ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారకుండా ఆపేది) గానీ ఉండదు. టైర్లు సన్నం, బ్రేక్ వేస్తే ముక్కు బాగా దిగుతుంది. కాబట్టి మలుపు రాకముందే, బండి నిటారుగా ఉండగానే, నెమ్మదిగా మొదలుపెట్టి గట్టిగా బ్రేక్ వేయండి. గేర్ దించండి. బ్రేక్ వదిలి వంచండి. వంగాక యాక్సిలరేటర్ సన్నగా తెరుస్తూ పోండి. షాఫ్ట్ బండిలో ఇది మరీ ముఖ్యం. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఠక్కున మూసేస్తే వెనక భాగం కుంగి, నేలకు ఉన్న ఎత్తు తగ్గిపోతుంది. ఈ క్రమం ఒంటబట్టాక ఘాట్ రోడ్డు మీద బండి ఒక మలుపులోంచి ఇంకో మలుపులోకి గడియారం లోలకంలా ఊగుతూ వెళ్తుంది. వేగం మీటర్లో చిన్న అంకెలే ఉంటాయి. ఆనందానికి మాత్రం లోటుండదు.

పొద్దున మొదటి పది కిలోమీటర్లు మెల్లగా. చోక్ కొంచెం కొంచెంగా లోపలికి తోస్తూ, ఇంజన్ శబ్దం గరుకు నుంచి నునుపుగా మారడం వినండి. ఆయిల్ వేడెక్కేదాకా పెద్ద రేస్ వద్దు.

సామాను పెట్టెల్లో బరువైనవి అడుగున, ముందువైపు. తేలికవి పైన. వెనక ర్యాక్ మీద బరువు ఎక్కువైతే వేగంలో హ్యాండిల్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. అలా ఊగితే బ్రేక్ మీదకు పోవద్దు, చేతులు వదులు చేసి యాక్సిలరేటర్ నెమ్మదిగా తగ్గించండి. సామానుతో వెళ్లేటప్పుడు టైర్లలో గాలి మాన్యువల్ చెప్పినంత పెంచండి.

ఇయర్ ప్లగ్గులు పెట్టుకోండి. ఫెయిరింగ్ ఛాతీని కాపాడుతుంది గానీ, అద్దం అంచు దాటిన గాలి హెల్మెట్‌ను బాదుతూనే ఉంటుంది. ఆ హోరుకు మూడు గంటల్లో మనిషి అలిసిపోతాడు. పెద్ద ట్యాంకు ఉంది కదా అని ఆగకుండా పోవద్దు. రెండు గంటలకోసారి దిగి నడవండి, దిగినప్పుడల్లా బండి చుట్టూ ఒకసారి తిరిగి ఎక్కడైనా తడి కనిపిస్తోందేమో చూడండి.

సీటు కింద ఉండాల్సినవి: ఫ్యూజులు, ఒక క్లచ్ కేబుల్, ఒక యాక్సిలరేటర్ కేబుల్, ప్లగ్గు, హెడ్‌లైట్ బల్బు, పంచర్ కిట్, ఇన్సులేషన్ టేప్, చిన్న మల్టీమీటర్. కొత్త కేబుల్‌ను పాతదాని పక్కనే, చివరలు మూసి, టేపుతో కట్టి ఉంచితే రోడ్డు మీద పది నిమిషాల్లో మార్చుకోవచ్చు.

10. తోలని రోజుల్లో

నెలపైన ఆపాల్సి వస్తే ఇనుప ట్యాంకును నిండా నింపండి. ఖాళీ జాగా ఉంటే తేమ చేరి తుప్పు పడుతుంది. ఫ్లోట్ బౌల్స్ (కార్బొరేటర్ల అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలు) కింద స్క్రూ విప్పి కార్బొరేటర్లలోని పెట్రోలు తీసేయండి. బ్యాటరీకి మెయింటెయినర్ తగిలించండి. గాలాడే గుడ్డ కప్పండి, ప్లాస్టిక్ వద్దు.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మంచిదని చాలామంది అనుకుంటారు. దానివల్ల చెడే ఎక్కువ. అంత తక్కువ సేపట్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, ఇంజన్ లోపలా సైలెన్సర్లోనూ చేరిన నీటిచెమ్మ ఆవిరవదు. స్టార్ట్ చేస్తే ముప్పై కిలోమీటర్లు తోలి రండి, లేకపోతే ముట్టుకోకండి. నేను రెండు వారాలకోసారి అలా ఒక రౌండు వేసి వస్తాను. వచ్చాక ఇంజన్ చల్లారుతూ టిక్ టిక్‌మంటుంటే, పెద్దాయన నీలి సిరా ఆగిపోయిన చోట కిలోమీటర్లు, తేదీ, పోసిన పెట్రోలు రాస్తాను. మొన్న రాసింది: "ముందు బ్రేక్ లీవర్ కాస్త లోపలికి వస్తోంది. ఫ్లూయిడ్ మార్చి 26 నెలలు. ఆదివారం మార్చాలి."